ఎక్స్‌రేకి కనబడని పడవ

మా పెద్దమ్మ బొమ్మలతో మాట్లాడేది. ఎవరూ లేనప్పుడు చాటుగా కాదు, అందరి ముందూ, కాస్త గట్టిగానే. మ్యూజియం నేలమాళిగలో బల్ల మీద ఏదో పాత చిత్రాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, దాని కింద ఫిల్ము సర్ది, పైన ఎక్స్‌రే గొట్టం సరిచూసుకుని, సీసపు రేకు వేసిన తలుపు వెనక్కి వచ్చి నిలబడేది. "ఊపిరి బిగబట్టండి" అనేది. మీట నొక్కేది. యంత్రం గుర్రుమని చాలాసేపు మోగి ఆగేది. అప్పుడు "ఇక వదలండి" అనేది. బల్ల మీదున్నది మీసాల సైన్యాధికారి అయినా, పళ్ళబుట్ట అయినా ఆవిడకి ఒకటే. మర్యాదలో తేడా రానిచ్చేది కాదు.

అలవాటు ఆస్పత్రిది. వయసులో ఉన్నంతకాలం పెద్దాస్పత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసింది. ఆస్పత్రికి కొత్త యంత్రం వచ్చాక పాతదాన్ని మ్యూజియంకి ఇచ్చేశారు. దాన్ని నడపడం తెలిసినవాళ్ళు అక్కడ ఎవరూ లేకపోవడంతో మనిషిని కూడా పంపమన్నారు. యంత్రం తీసుకుంటే మనిషి ఉచితం అని మా నాన్న ఆవిడ మొహం మీదే అనేవాడు. "నిన్ను ఉచితంగా ఇస్తామన్నా ఎవరూ పట్టుకెళ్ళరులే మరిదీ" అని ఆవిడా ఊరుకునేది కాదు.

మనిషికైతే కన్ను మూసి తెరిచేలోగా అయిపోయే పని బొమ్మకి నిమిషాలు పడుతుంది. "పేషెంటయితే ఈపాటికి పోయేవాడు" అని తనే నవ్వేది. ఇంకో సంగతి నేను చిన్నప్పుడే కనిపెట్టాను. బొమ్మని ఊపిరి బిగబట్టమని చెప్పి తనూ బిగబట్టేది. మొహం ఎర్రబడేదాకా ఆపుకుని, ఇక ఆగలేక తుస్సుమని వదిలి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి మళ్ళీ బిగబట్టేది.

నాకు బడి సెలవులు ఇస్తే అమ్మకి గుండెల్లో రాయి పడేది. ఆవిడకి బట్టలు కుట్టే దుకాణం ఉండేది. కత్తెరలూ సూదులూ ఉన్న చోట నాలాంటి కోతిని వదిలేదెలా? అందుకని పొద్దున్నే పెద్దమ్మకి అప్పగించేసేది. అలా నా సెలవులన్నీ ఆ నేలమాళిగలోనే గడిచాయి. మెట్లు దిగుతుంటేనే ఫిల్ములు కడిగే మందు వాసన పుల్లగా ముక్కుకి తగిలేది. ఎర్రబల్బు గదిలో పెద్దమ్మ తొట్టిలో ఫిల్ముని ఆడిస్తూ ఉంటే, నేను పక్కన స్టూలెక్కి నిలబడి, ఏమీ లేని రేకు మీద మనిషి మొహం మెల్లగా తేలడం చూసేదాన్ని. తర్వాత వాటిని తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసేవాళ్ళం. ఫిల్ముల వెనక వెలుగు పెట్టి చూసే గాజు బల్ల ఒకటి ఉండేది. దాని మీద మా మధ్యాహ్నం డబ్బాలు పెట్టి వెచ్చబెట్టుకునేవాళ్ళం. అది ఎవరికీ చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు ఆవిడ లేదు, గాజు బల్లా లేదు, ఫిల్ములూ లేవు, అన్నీ తెర మీదే కనిపిస్తాయట. కాబట్టి చెప్పేస్తున్నాను.

ఆ పని ఏమిటో ఆవిడ నాకు చెప్పిన తీరు ఇంకా గుర్తుంది. "చూడు పిల్లా, ఈ కిరణాలకి రంగులతో పనిలేదు, బరువుతోనే పని. తేలిక రంగైతే దాంట్లోంచి దూసుకుపోతాయి. బరువైనదైతే ఆగిపోతాయి. పాతకాలం వాళ్ళు తెలుపంటే సీసం తెలుపే వాడేవాళ్ళు. అది ఎముక పడ్డట్టు తెల్లగా పడుతుంది. అందుకే పైన ఏ రంగు పూసి దాచినా, కింద సీసం తెలుపుందంటే నా దగ్గర దాగదు." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో పోలీసు గర్వం ఉండేది.

అలాగని తప్పులు చెయ్యలేదా అంటే, చేసింది. చేరిన కొత్తలో చెక్కపలక మీద వేసిన న్యాయమూర్తి బొమ్మ ఒకటి వచ్చింది. పలకలో ఎక్కడో పురుగు తొలుస్తోంది, ఎక్కడో తేల్చమన్నారు. పెద్దమ్మ ఫిల్ము తీసి, కుడి భుజం కింద అని రాసి పైకి పంపింది. మరమ్మతుల గదిలో ఉండే మేడం పాపం ఆ కాగితం నమ్మి, పలకకి సన్నటి బెజ్జాలు వేసి, సిరంజితో మందు ఎక్కించింది. పురుగు జాడ లేదు. విసుగెత్తి కిందికి దిగొచ్చింది.

"కుడి అన్నారు కదండీ?"

"అవును, కుడే."

"ఎవరి కుడి?"

"ఎవరి కుడేమిటి, పేషెంటు కుడి!"

మేడం తల పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయిందట. ఆస్పత్రిలో ఫిల్ము చూసేటప్పుడు కుడి అంటే ఎదురుగా ఉన్న మనిషి కుడి. మ్యూజియంలో కుడి అంటే చూసేవాళ్ళ కుడి. న్యాయమూర్తిగారి ఆరోగ్యంగా ఉన్న భుజానికి సూదిమందు పడింది. ఆ రోజు నుంచి మ్యూజియంలో అందరూ పెద్దమ్మని డాక్టరమ్మ అనడం మొదలుపెట్టారు. ఆ మేడంకీ పెద్దమ్మకీ గట్టి స్నేహం కూడా అక్కడే మొదలైంది.

ఇక మా తాత సంగతి చెప్పాలి. అమ్మకీ పెద్దమ్మకీ తండ్రి. నేను ఆయన్ని చూడలేదు. దుకాణాలకి బోర్డులు రాసేవాడు. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉండేదట, నిద్రపోతున్నప్పుడు కూడా. ఊళ్ళో సగం గోడలు ఆయన చేతివేనని అమ్మమ్మ చెప్పేది కానీ, చూపించడానికి ఒక్కటీ మిగల్లేదు. బోర్డు రాసేవాడి బతుకే అంత. దుకాణం చేతులు మారితే కొత్తాయన పాత పేరు మీద సున్నం కొట్టించేవాడు. ఒక్కోసారి ఆ సున్నం కొట్టడానికి కూడా తాతనే పిలిచేవారు. ఆయన ఈల వేసుకుంటూ తన అక్షరాల మీద తనే సున్నం కొట్టి, కొత్త పేరు రాసి వచ్చేవాడట. ఒక్క విషయంలో మాత్రం ఆయనకి మహా పట్టుదల. నూనె రంగులు తప్ప ముట్టేవాడు కాదు. జిగురు నీళ్ళల్లో రంగుపొడి కలిపి నాటకాల తెరలు వేసేవాళ్ళని చూస్తే ఆయనకి చిన్నచూపు. "వానకి కారిపోయేదీ ఒక రంగేనా?" అనేవాడట.

తాత చేతి పని మిగిలింది ఒకే ఒక్కటి. ఏటి ఒడ్డున పాత హోటలుండేది. దాని భోజనశాలలో, గోడకి బిగించిన కాన్వాసు మీద, గోడంత బొమ్మ. నీలం నీళ్ళు, అవతల కొండలు, మధ్యలో పడవ, పడవలో పసుప్పచ్చ గౌను వేసుకున్న చిన్నపిల్ల. ఆ పిల్ల మా పెద్దమ్మ. మా ఇంట్లో ఆ రోజుల్లో కెమెరా మొహం ఎవరూ చూడలేదు. చిన్నప్పటి పెద్దమ్మ ఎలా ఉండేదో తెలియాలంటే ఆ బొమ్మే దిక్కు. జీతం వచ్చిన రోజు నన్ను ఆ హోటలుకి తీసుకెళ్ళి, టీ తెప్పించి, టీ తాగకుండా గోడ వంక చూస్తూ కూర్చునేది.

"ఒక్కదానివే ఉన్నావేంటి పెద్దమ్మా, భయం వెయ్యలేదా?" అని అడిగాను ఒకసారి.

"నేనూ నాన్నని అదే అడిగాను. నువ్వెందుకు లేవు పడవలో అని ఏడ్చాను కూడా. నేను ఒడ్డున ఉన్నానమ్మా, ఒడ్డున ఉంటేనేగా నువ్వు కనిపించేది అన్నాడు."

ఆ జవాబు ఆవిడకి నచ్చలేదని చెప్పేటప్పుడే తెలిసిపోయింది. అంత పెద్ద నీళ్ళల్లో నన్నొక్కదాన్నే వదిలేశాడు అని అప్పుడప్పుడూ అనేది, తాత పోయి ఎన్నేళ్ళయినా. మా అమ్మ బాధ వేరు. తాత ఆ బొమ్మ వేసే రోజులకి అమ్మ ఇంకా అమ్మమ్మ కడుపులో ఉంది. అమ్మకి ఊహ తెలిసేలోపే తాత పోయాడు. "అక్కకి గోడంత బొమ్మ, నాకు బొట్టంత రంగు కూడా లేదు" అని సందు దొరికితే మొహం మాడ్చుకునేది. దానికి తోడు అమ్మమ్మ గిన్నె కథ ఒకటి. ఆ బొమ్మ వేసేటప్పుడు తాత వంటింట్లో మంచి గిన్నె ఒకటి ఎత్తుకుపోయి, అందులో తోలు జిగురు ఉడకబెట్టాడట. ఇల్లంతా కంపు. కడుపుతో ఉన్న అమ్మమ్మ వాంతులు చేసుకుంటూ గిన్నెని వీధిలోకి విసిరికొట్టిందట. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకుని నవ్వామో లెక్కలేదు. నూనె రంగులు తప్ప ముట్టని మనిషికి జిగురుతో ఏం పని అని మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు.

నేను చదువు పూర్తిచేసి బళ్ళో టీచరుగా చేరిన తర్వాత ఆ హోటలు మూతపడింది. కూలగొట్టే ముందు యజమాని కొడుకులు అద్దాలూ కుర్చీలూ ఆ బొమ్మా మ్యూజియంకి ఇచ్చేశారు. పెద్దమ్మ సంబరం చూడాలి. వాళ్ళ నాన్న బొమ్మ తన నేలమాళిగకే నడుచుకుంటూ వచ్చిందని మా ఇంటికొచ్చి మరీ చెప్పింది. మ్యూజియంలో మాత్రం ఎవరికీ చెప్పలేదు. వచ్చిన ప్రతి చిత్రాన్నీ ఎక్స్‌రే తీయడం అక్కడి పద్ధతి. ముందు నా పని నేను పూర్తిచేసి, ఫిల్ములన్నీ అతికించి, అప్పుడు డైరెక్టరుగారి ముందు పెట్టి ఇది మా నాన్న వేసింది, ఇది నేను అని చెబుతాను అంది. ఆ మాట ఎలా చెప్పాలో అద్దం ముందు రెండు రకాలుగా అనుకుని చూసుకుంది కూడా.

మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"నేను లేనే" అంది.

"ఎక్కడ లేవు?" అంది అమ్మ.

"బొమ్మలో. పడవ లేదు, కొండల్లేవు. నాన్న గీసిన గీత ఒక్కటి కూడా పడలేదు. ఎవరో ఆడవాళ్ళు. ఏటి ఒడ్డున దుప్పట్లు ఆరేస్తున్నారు. వరసగా తెల్లటి దుప్పట్లు. ఫిల్ములు తారుమారయ్యాయేమోనని మళ్ళీ తీశాను. మళ్ళీ వాళ్ళే."

సంగతి ఏమిటో ఆవిడకి తెలుసు. మా కోసం విడమరిచి చెప్పింది. తాత బొమ్మ కింద ఇంకో బొమ్మ ఉంది. చాలా పాతది. దాన్ని వేసినవాడు దుప్పట్లన్నిటికీ సీసం తెలుపు వాడాడు, అందుకే అవి పట్టపగల్లా పడ్డాయి. తాత వాడినవి తేలిక రంగులు. కిరణాలు ఆయన్ని పట్టించుకోకుండా దూసుకుపోయాయి. జీవితమంతా ఏ యంత్రాన్ని నమ్ముకుందో ఆ యంత్రానికి వాళ్ళ నాన్న కనబడలేదు. ఆ మాట చెప్పి పెద్దమ్మ ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూడ్డం అదే మొదలు.

మ్యూజియంలో మాత్రం సందడే సందడి. ఆ దుప్పట్ల తీరు చూసి డైరెక్టరుగారు పోల్చేశారు. ఆ చిత్రకారుడి పనులు ఎప్పుడో అగ్నిప్రమాదంలో దాదాపు అన్నీ పోయాయి, మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయన బొమ్మ ఇంత పెద్దది మన దగ్గర దొరకడమా అని ఆ పెద్దమనిషి మెట్లు రెండేసి చొప్పున దిగొచ్చారట. పై బొమ్మ తీసేస్తే కింది బొమ్మ బయటికొస్తుంది. రెండూ ఉండడం కుదరదు. తీయడానికి వీలవుతుందో లేదో చూడమని మరమ్మతుల మేడంకి చెప్పారు.

ఇది వినగానే మా అమ్మ ఒంటికాలి మీద లేచింది.

"నాన్న బొమ్మ గీకేస్తారా? నువ్వు చూస్తూ ఊరుకుంటావా? మా నాన్నదని చెప్పవేం?"

"చెబితే ఆపేస్తారే. వాళ్ళు మంచివాళ్ళు. నా మొహం చూసి ఆపేస్తారు."

"ఆపితే మంచిదేగా!"

"అదేగా నాకు తేలనిది" అంది పెద్దమ్మ. "ఆ దుప్పట్లు నువ్వు చూడలేదు. ఒకావిడ చెయ్యి పైకెత్తి తీగ అందుకుంటోంది. ఆ చెయ్యి చూశాక నాకు నిద్ర పట్టట్లేదు."

అమ్మ ఆ వారమంతా ఆవిడతో మాట్లాడలేదు. ఫోను మోగితే నన్నే తీయమనేది.

మేడం తన పని తను చేసుకుపోయింది. బొమ్మ అంచు నుంచి ఆవగింజలో సగం ఉండే రంగు పెచ్చు తీసి, గాజులా గట్టిపడే ద్రవంలో వేసి, నున్నగా అరగదీసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. పెద్దమ్మని పైకి పిలిచింది. నేనా రోజు పెద్దమ్మకి మందులు ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. నన్ను కూడా చూడమంది. పొరలు పొరలుగా ఉంది. అడుగున పాత బొమ్మ రంగులు, వాటి మీద సన్నటి మురికి గీత, దాని మీద మందంగా తెల్లటి పూత, ఆ పైన నీలం.

"ఈ తెలుపు సుద్ద" అంది మేడం. "అందుకే మీ ఎక్స్‌రేకి అందలేదు. విచిత్రమేంటంటే పై రంగులో ఎక్కడా నూనె లేదు. అంతా తోలు జిగురే. కింది పూతా అదే. తడి దూది పెడితే చాలు, కింది బొమ్మకి గీత పడకుండా పైది వచ్చేస్తుంది. ఇంత సుఖమైన పని నా సర్వీసులో చూడలేదు."

"నూనె లేదా?" అంది పెద్దమ్మ. "సరిగ్గా చూశారా?"

"మూడు చోట్ల తీసి చూశాను డాక్టరమ్మా. చుక్క లేదు."

పెద్దమ్మ మెల్లగా స్టూలు వెతుక్కుని కూర్చుంది. తర్వాత, "అది వేసింది మా నాన్న" అంది. మేడం చేతిలో ఉన్న దూది పుల్ల కింద పెట్టేసింది. పెద్దమ్మ అన్నీ చెప్పింది. పసుప్పచ్చ గౌను గురించి, పడవ గురించి, అమ్మమ్మ గిన్నె గురించి. చెబుతూ చెబుతూనే విషయం తనకీ అర్థమవుతోందని ఆవిడ గొంతులో తెలుస్తోంది.

"హోటలాయనకి పాత బొమ్మ నచ్చలేదు. తినేటప్పుడు ఎవరి ఉతికిన బట్టలో చూస్తూ కూర్చోవాలా, దాని మీదే కంటికి ఇంపుగా ఏదైనా వెయ్యి అన్నాడు. నేను అన్నం డబ్బా తీసుకెళ్ళేదాన్ని. నాన్న పని మొదలుపెట్టకుండా ఆ దుప్పట్ల ముందు నిలబడి ఉండేవాడు. ఏం చేస్తున్నావు నాన్నా అంటే, చూస్తున్నా అనేవాడు. ఎన్ని రోజులు అలా చూశాడో. ఆ తర్వాతే ఇంట్లో జిగురు ఉడికింది. జిగురు రంగంటే అసహ్యించుకునే మనిషి. ఎప్పటికైనా ఎవరైనా కడుగుతారని..." అని ఆగిపోయింది.

మేడం ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, సరాసరి డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన కిందికి దిగొచ్చారు, ఈసారి మెట్లు ఒక్కొక్కటిగా. "మీరు వద్దంటే వద్దండీ. మీ నాన్నగారి బొమ్మ కూడా ఈ ఊరి బొమ్మే. మీరే చెప్పండి" అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అదే పెద్ద చిక్కు. ఎవరైనా కాదు కూడదని అని ఉంటే ఆవిడ పోట్లాడి ఉండేది. ఇప్పుడు బొమ్మ ఉండాలో పోవాలో ఆవిడ నోటి మాట మీద ఉంది.

కొన్నాళ్ళు ఆలోచించింది. చివరికి సరే అంది. రెండు కోరికలు కోరింది. ఎన్ని రకాల వెలుగులు ఉంటే అన్నిట్లోనూ ముందు ఫోటోలు తీయాలి. పడవ ఉన్న చోటు మాత్రం తనే కడగాలి.

మ్యూజియంకి అప్పుడే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కొత్తగా వచ్చింది. కంటికి ఆనని వెలుగుతో చూస్తుంది అది. దానికి రంగులు పల్చబడిపోతాయి, బొగ్గుతో గీసిన గీత మాత్రం నల్లగా నిలబడుతుంది. మేడం కెమెరా తిప్పుతూ ఉంటే, తెర మీద తాత సుద్దపూత మీద బొగ్గుతో గీసుకున్న గీతలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. కొండలు. నీళ్ళు. పడవ అంచు. చిన్నపిల్ల. ఎక్స్‌రేకి దొరకని మనిషి చెయ్యి అక్కడ తిరుగుతూ కనిపించింది. పెద్దమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. కెమెరా ఇంకొంచెం జరిగింది.

పడవలో ఇంకో మనిషి ఉన్నాడు.

తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఆ చోటంతా నీలం నీళ్ళు పూసేశారు కాబట్టి, ఇన్నేళ్ళు ఎవరికీ తెలియలేదు. మొహం రెండు మూడు గీతలే. కానీ చెవి మీద పెన్సిలు ఉంది.

"కుడి వైపు కూర్చున్నాడు" అంది పెద్దమ్మ.

మేడంకి పాత అలవాటు నోటికొచ్చింది. "ఎవరి కుడి డాక్టరమ్మా?"

"నా కుడి" అంది పెద్దమ్మ. "నా కుడి పక్కన."

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, కడగనివ్వను, వాళ్ళకి చెప్పేస్తాను, నా వల్ల కాదు అంది. జీవితమంతా తనని ఒంటరిగా నీళ్ళల్లో వదిలేశాడనుకున్న మనిషి పక్కనే కూర్చుని ఉన్నాడని తెలిసిన రోజున, ఆయన్ని మళ్ళీ కడిగెయ్యమని ఎవరు చెబుతారు? పెద్దమ్మ తెచ్చిన ఇన్‌ఫ్రారెడ్ ఫోటోని అమ్మ చేతిలోకి తీసుకుంది. ఊహ తెలిశాక తండ్రి మొహం చూడ్డం ఆవిడకి అదే మొదటిసారి. ఎంతసేపు చూసిందో.

"తనని తాను ఎందుకు తీసేసుకున్నాడో" అంది పెద్దమ్మ. "హోటలాయన వద్దన్నాడో, తనకే బాగోలేదో."

"అదేం కాదు" అంది అమ్మ. "నేను పుట్టబోతున్నాను కదా. చెల్లెలు కూర్చోవాలని చోటు ఖాళీ చేశాడు."

పెద్దమ్మ నోరు వెళ్ళబెట్టి చూసింది. తర్వాత పక్కున నవ్వింది. ఆ నవ్వు ఆగలేదు. అమ్మ కూడా నవ్వింది. ఇద్దరూ కళ్ళనీళ్ళు కారేలా నవ్వారు, చివరికి ఏది నవ్వో ఏది ఏడుపో నాకు తెలియలేదు. నవ్వు అయ్యాక అమ్మే అంది, "ఆయన కడగడానికే వేశాడక్కా. మనం అడ్డం పడితే ఏం బావుంటుంది?" ఆ మాట అన్నది ఆవిడే కావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కడగడం చాలా రోజులు పట్టింది. మేడం అంచుల నుంచి మొదలుపెట్టింది. కొండలు పోయాయి, ఆ స్థానంలో ఏటి ఒడ్డు వచ్చింది. నీళ్ళు పోయి దుప్పట్లు వచ్చాయి. నీలం పట్టిన దూదులు బల్ల కింద బేసిన్లో పోగుపడ్డాయి. పడవ మాత్రం చివరిదాకా ఉంది, దుప్పట్ల మధ్య ఎవరో మరిచిపోయి వదిలేసినట్టు. పడవ కడిగే రోజు మమ్మల్నీ రమ్మంది పెద్దమ్మ. తెల్లకోటు వేసుకుని, జుట్టు బిగించి ముడివేసుకుని, పుల్లకి దూది చుట్టి, తడిపి, పిండి, బొమ్మ మీదికి వంగింది.

ముందు పడవ. తర్వాత గౌను. పసుపు మెత్తగా దూదిలోకి వచ్చేసింది, దాని కింద పాత చిత్రంలోని ఒకావిడ మోచెయ్యి బయటపడింది. ఆవిడే, చెయ్యి పైకెత్తి తీగ అందుకుంటున్న మనిషి. ఆ దూదిని బేసిన్లో వెయ్యబోతుంటే అమ్మ చెయ్యి చాచి అందుకుని చేతిరుమాల్లో మడిచి పెట్టుకుంది. మేడం చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

ఇక పిల్లకి కుడిపక్కన నీళ్ళు మిగిలాయి. అరచెయ్యంత నీలం. పెద్దమ్మ కొత్త దూది చుట్టుకుంది. వెంటనే పెట్టలేదు. వంగి, గొంతు తగ్గించి, "ఊపిరి బిగబట్టు" అంది. ఎప్పుడూ బొమ్మల్ని మీరు అనే మనిషి.

తుడవడం మొదలుపెట్టింది. నీలం పోయింది, దాని కింద బొగ్గు గీతలు క్షణంపాటు నల్లగా మెరిసి అవీ దూదిలోకి వచ్చేశాయి, దాని కింద సుద్ద, సుద్ద కింద ఎప్పటిదో ఎండ పడుతున్న తెల్లటి దుప్పటి. పెద్దమ్మ పుల్ల పక్కన పెట్టింది. మేమంతా ఆ రెండో మాట కోసం చూస్తున్నాం. ఆవిడ అనలేదు. మొహం ఎర్రబడుతోంది, పెదవులు గట్టిగా బిగించుకుని, బల్ల అంచు పట్టుకుని, ఆ దుప్పటి వంకే చూస్తూ నిలబడిపోయింది.

అమ్మ వెళ్ళి ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది.

"ఇక ఊపిరి వదులక్కా" అంది.

పెద్దమ్మ వదిలింది.